సైట్ పేరు ఎవరి పేరు మీద ఉంటుంది?

ప్రశ్న: సార్, నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. మా మామగారి కాలం నుంచి ఇంట్లో దర్రీల మగ్గాలున్నాయి. ఇదివరకు నేసినవన్నీ సంఘానికే ఇచ్చేవాళ్లం. రెండేళ్ల నుంచి నేను వాట్సాప్‌లో ఫొటోలు పెడుతుంటే హైదరాబాద్, బెంగళూరు నుంచి ఆర్డర్లు వస్తున్నాయి. ‘మీకు వెబ్‌సైట్ లేదా?’ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదివే మా అబ్బాయి నెలకు 69 రూపాయలకే హోస్టింగ్ ఉంది, మూడేళ్లకు ఒకేసారి కడితే డొమైన్ కూడా ఫ్రీ అంటున్నాడు. హన్మకొండలో ఒకాయన ఏడాదికి 12 వేలు ఇస్తే అన్నీ తానే చూసుకుంటానన్నాడు. అమెరికాలో ఉండే మా మరిది ఇవేవీ వద్దు, పెద్ద కంపెనీ క్లౌడ్ తీసుకోమంటున్నాడు. ముగ్గురి మాటలూ విని నాకు టెన్షన్ పట్టుకుంది. నమ్మకమైన కంపెనీ ఏదో ఒక్క పేరు చెప్పండి, చాలు.
– ఒక పాఠకురాలు, కొత్తవాడ

జవాబు: అమ్మా, ముందే చెప్తున్నాను, ఆ ఒక్క పేరు నేను చెప్పను. తప్పించుకోవడానికి కాదు. నాలుగేళ్ల కింద నలుగురికి గట్టిగా చెప్పిన కంపెనీని ఇవాళ నేనే వాడటం లేదు. ఈ వ్యాపారంలో కంపెనీలు చేతులు మారుతుంటాయి, బోర్డు మాత్రం అదే ఉంటుంది. బిగ్‌రాక్‌నే చూడండి. మన దేశంలో డైరెక్టి వాళ్లు పెట్టింది. 2014లో ఎండ్యూరెన్స్ అనే అమెరికా కంపెనీ దాన్ని తీసుకుంది. బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్ అప్పటికే వాళ్లవి. 2021లో ఆ ఎండ్యూరెన్స్ కూడా వెబ్ డాట్ కామ్ అనే ఇంకో కంపెనీతో కలిసి న్యూఫోల్డ్ డిజిటల్ అయింది. ఇందులో తప్పేమీ లేదు, వ్యాపారమంటే అంతే. కాకపోతే ‘ఇది మంచిదా, అది మంచిదా’ అని రెండు రాత్రులు కూర్చుని మీరు పోల్చిన పేర్లు రెండూ ఒకే యజమానివి కావచ్చు.

ఇక ‘టాప్ 10 హోస్టింగ్’ అని యూట్యూబ్‌లో వచ్చే వీడియోల సంగతి. చాలావాటి కింద ఒక లింక్ ఉంటుంది. దాన్ని నొక్కి మీరు కొంటే వీడియో చేసినాయనకు కమీషన్ ముడుతుంది. అందరూ అబద్ధాలే చెప్తారని అనను. ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారు మిర్చి రేటు చెప్తుంటే రైతు ఎట్లా వింటాడో, వాటిని అట్లా వినండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముగ్గురు మూడు దారులు చూపించారు. మూడింట్లోనూ ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. ఆ సైట్ పేరు ఎవరి పేరు మీద ఉంటుంది?

డొమైన్ వేరు, హోస్టింగ్ వేరు. డొమైన్ అంటే మీ సైట్ పేరు. హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు, ఫొటోలు పెట్టుకునే చోటు. మన భాషలో చెప్పాలంటే హోస్టింగ్ కిరాయి మడిగె, డొమైన్ ఆ మడిగె మీది బోర్డు. ఓనర్‌తో పడకపోతే మడిగె ఖాళీ చేసి పక్క వీధికి పోవచ్చు. బోర్డు మీ చేతిలో ఉంటే గిరాకీ మీ వెంటే వస్తుంది. బోర్డే ఓనర్‌దైతే? అప్పుడు మీరు ఎక్కడికీ పోలేరు. ఆయన కిరాయి ఎంత పెంచితే అంత కట్టాల్సిందే.

ఆరేళ్ల కింద ఒక ఫర్నిచర్ దుకాణం ఆయన నా దగ్గరికి వచ్చాడు. సైట్ చేసి ఇచ్చిన కుర్రవాడు ఉద్యోగం దొరికి బెంగళూరు పోయాడు, ఫోన్ నంబరు మారింది. డొమైన్ ఆ కుర్రవాడి మెయిల్ మీద, ఆ కుర్రవాడి పేరు మీద ఉంది. గడువు దగ్గర పడింది. పేరు మాత్రం దుకాణం బిల్లుల మీద, ఆటో వెనక, పెళ్లిళ్ల సీజన్‌లో కొట్టించిన కరపత్రాల మీద అంతటా అచ్చయి ఉంది. ఆ కుర్రవాణ్ణి పట్టుకోవడానికి మాకు ఇరవై రోజులు పట్టింది. పాపం, అతడు మంచివాడే. మోసం చేద్దామని పెట్టుకోలేదు, అప్పుడు అట్లా తేలికగా ఉంటుందని పెట్టుకున్నాడు.

వేరేవాళ్ల సంగతి చెప్పి ఊరుకుంటే బాగుండదు, నా సంగతీ చెప్తాను. నా సొంత సైట్ డొమైన్‌కు సంప్రదించాల్సిన మెయిల్‌గా ఆ డొమైన్ మీదే ఉన్న మెయిల్ ఇచ్చుకున్నాను. గొప్పగా ఉంటుంది కదా అని! ఒక ఏడాది కార్డు మారింది, ఆటోమేటిక్ రెన్యూవల్ ఫెయిలయింది. డొమైన్ ఆగింది. దాంతో మెయిలూ ఆగింది. ‘మీ డొమైన్ గడువు ముగిసింది’ అని వాళ్లు పంపిన మెయిళ్లన్నీ ఆ ఆగిపోయిన మెయిల్‌కే పోయాయి. తొమ్మిది రోజుల తర్వాత ఒక మిత్రుడు ఫోన్ చేసి ‘నీ సైట్ ఏమైంది?’ అంటే గానీ నాకు తెలియలేదు. ఇరవై ఏళ్లు కంప్యూటర్ల మధ్య బతికినవాడి తెలివి ఇది.

తొమ్మిది రోజులే కాబట్టి బయటపడ్డాను. డాట్ కామ్ పేరు గడువు దాటితే చాలామంది రిజిస్ట్రార్లు, అంటే డొమైన్ పేర్లు అమ్మే కంపెనీలవాళ్లు, కొన్ని వారాలు మామూలు రేటుకే రెన్యూవల్ చేయనిస్తారు. అదీ దాటితే 30 రోజుల విమోచన గడువు మొదలవుతుంది. అప్పుడు విడిపించుకోవాలంటే మామూలు రేటుకు ఎన్నో రెట్లు అడుగుతారు. ఆ తర్వాత 5 రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోలేరు, ఆరో రోజు నుంచి ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత పేర్ల కోసం కాచుకుని కూర్చునే వ్యాపారులు ఉన్నారు.

కాబట్టి డొమైన్ మీరే కొనండి. మీ పేరు, మీ జీమెయిల్, మీ ఫోన్ నంబరు. హోస్టింగ్ అమ్మే కంపెనీ దగ్గరే కాకుండా వేరే రిజిస్ట్రార్ దగ్గర కొంటే ఇంకా మంచిది. రెండూ ఒకే దగ్గర ఉంటే బిల్లులో గొడవ వచ్చినప్పుడు రెండూ ఒకేసారి ఇరుక్కుంటాయి. పేరును హోస్టింగ్‌కు కలపాలంటే రిజిస్ట్రార్ ఖాతాలో ‘నేమ్‌సర్వర్’ అనే రెండు గడులు నింపితే చాలు, మీ అబ్బాయి పది నిమిషాల్లో చేస్తాడు. మీకు డాట్ ఇన్ సరిపోతుంది. ఆ పేర్ల పట్టికను 2003లో మొదలైన నిక్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ చూసుకుంటుంది. మనం కొనేది మాత్రం రిజిస్ట్రార్ల దగ్గరే. డాట్ కామ్ కూడా ఖాళీగా ఉంటే రెండూ తీసుకోండి, వేరేవాళ్లు పట్టుకుపోకుండా.

అబ్బాయి చెప్పిన ‘డొమైన్ ఫ్రీ’ దగ్గర ఒక్క క్షణం ఆగండి. చాలాచోట్ల ఆ ఫ్రీ మొదటి ఏడాదికే. డబ్బు వాపస్ అడిగితే, ఫ్రీ అన్న డొమైన్ ధర కోసుకుని మిగతాదే ఇస్తారు.

ఆ 69 రూపాయల లెక్క కూడా చూద్దాం. 69ని 36 నెలలతో గుణిస్తే 2,484. దాని మీద 18 శాతం జీఎస్టీ 447. మొత్తం 2,931 రూపాయలు. ఇది ఈ రోజు కట్టేది. ‘నెలకు 69’ అని కనపడుతుంది గానీ నెలనెలా 69 కట్టే వీలుండదు. 69 పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాని కింద బూడిద రంగులో చిన్న అక్షరాలు ఉంటాయి. మూడేళ్ల తర్వాత నెలకు ఎంతో అక్కడ రాస్తారు. 299 అని ఉందనుకోండి. మళ్లీ మూడేళ్లకు 10,764, జీఎస్టీతో కలిపి 12,700 పైన. మొదట కట్టినదానికి నాలుగింతలు. ఆ రోజు మీ ఫొటోలు, ఆర్డర్లు, కస్టమర్ల వివరాలు అన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి. మారడం తెలియనివాళ్లు గొణుక్కుంటూనే కట్టేస్తారు. కంపెనీ లెక్క కూడా అదే. అందుకే ఏ ప్లాన్ చూసినా ముందు రెన్యూవల్ రేటు చూడండి. రెండు కంపెనీలను పోల్చాల్సింది ఆ రేటు దగ్గరే. నా మాట వింటే మొదటిసారి ఏడాదికే తీసుకోండి. నెలకు కొంచెం ఎక్కువ పడుతుంది. పడనివ్వండి. మూడేళ్లు కట్టేసిన తర్వాత సైట్ నత్తనడక నడిస్తే కట్టిన డబ్బు చూసుకుంటూ భరించాల్సి వస్తుంది.

అన్‌లిమిటెడ్ అన్న మాటను పట్టించుకోకండి. జాగా అన్‌లిమిటెడ్ అంటారు, లోపల ఫైళ్ల సంఖ్యకు హద్దు ఉంటుంది, ప్రాసెసర్ వాడకానికి హద్దు ఉంటుంది. అసలు మీకు జాగా ఎంత కావాలి? 60 డిజైన్లు, ఒక్కోదానికి 5 ఫొటోలు, మొత్తం 300. ఫోన్‌లో తీసింది తీసినట్టు ఒక్కోటి 4 ఎంబీ పెడితే 1,200 ఎంబీ. అవే ఫొటోలను 200 కేబీకి కుదిస్తే 60 ఎంబీ. తెర మీద చూసేవాళ్లకు తేడా దాదాపు తెలియదు. దర్రీ అంచు, ముడి దగ్గరగా చూపించే ఫొటోలు మాత్రం కొంచెం పెద్దవి ఉంచండి, మీ పనితనం కనపడేది అక్కడే. ఒక పేజీలో 12 దర్రీలు చూపిస్తే 48 ఎంబీ దిగాలా, రెండున్నర ఎంబీ దిగాలా అన్నది మీ చేతిలోనే ఉంది. హోస్టింగ్ స్లో అని నా దగ్గరికి వచ్చిన సైట్లలో సగానికి పైగా తప్పు హోస్టింగ్‌ది కాదు, కుదించని ఫొటోలదే.

తక్కువ రేటు ప్లాన్లన్నీ షేర్డ్ హోస్టింగ్. ఒకే సర్వర్‌లో, అంటే సైట్లను నడిపే ఒకే కంప్యూటర్‌లో, వందల సైట్లు ఉంటాయి. మామూలు రోజుల్లో ఇబ్బంది ఉండదు. మీ పక్కింటి సైట్‌కు ఒక్కసారిగా జనం వచ్చి పడితే, మేడారం జాతర నాడు తాడ్వాయి రోడ్డు మీద చిక్కుకున్న పెళ్లి కారులా అవుతుంది మీ పరిస్థితి. మీరు జాతరకు పోవడం లేదు, అయినా దారి అదే. మంచి కంపెనీలు ఒక సైట్ అందరి వాటానూ మింగేయకుండా కట్టడి పెడతాయి. మీకు మొదటి రెండేళ్లు షేర్డ్ చాలు. వీపీఎస్ (సర్వర్‌లో మీకంటూ విడిగా ఒక వాటా), డెడికేటెడ్ (సర్వర్ మొత్తం మీకే) లాంటివి అమ్మజూపితే ఇప్పుడు వద్దనండి.

99.9 శాతం అప్‌టైమ్ గ్యారంటీ, అంటే అంత సమయం సైట్ ఆగకుండా నడుస్తుందని అందరూ రాసుకుంటారు. 30 రోజుల నెలలో ఆ మిగిలిన 0.1 శాతం అంటే 43 నిమిషాలు. 99 శాతం అని రాస్తే 7 గంటల 12 నిమిషాలు. చూడటానికి తేడా చిన్నదే, లెక్కలో పెద్దది. అయినా ఆ గ్యారంటీ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మాట తప్పితే వాళ్లు ఇచ్చేది సాధారణంగా నెల ఫీజులో కొంత శాతం. 69 రూపాయల్లో పది శాతం అనుకున్నా 7 రూపాయలు! దసరా ముందు రోజు సైట్ పడిపోతే మీకు పోయేది దర్రీల ఆర్డరు. గ్యారంటీ చదవడం కంటే సైట్ ఆగగానే మెయిల్ పంపే ఉచిత సేవ ఒకటి పెట్టించుకోవడం మేలు. మూడు నెలలు చూస్తే కంపెనీ సత్తా మీకే తెలుస్తుంది.

సర్వర్ ఎక్కడుందో అడగండి. మీ గిరాకీ హైదరాబాద్, బెంగళూరు అంటున్నారు కాబట్టి భారత్‌లో ఉన్న సర్వర్ ఎంచుకోండి. ముంబైలో ఉంటే చాలు, అది కుదరకపోతే సింగపూర్. అమెరికా సర్వర్ అయితే ఫోన్ అడిగింది అక్కడికి పోయి జవాబు తిరిగి రావడానికే ఒక్కోసారికి సెకనులో ఐదో వంతు, ఆపైన పడుతుంది. పేజీలో ఫైళ్లు ఎక్కువైన కొద్దీ ఆ ఆలస్యం పేరుకుంటుంది. చాలా కంపెనీలు కొనేటప్పుడే ఏ దేశం కావాలో ఎంచుకోమంటాయి. ముందే అమెరికా అని టిక్ పెట్టి ఉంటుంది, చూసుకోండి.

మీ మరిది చెప్పిన క్లౌడ్, అంటే పెద్ద కంపెనీల సర్వర్లను అద్దెకు తీసుకోవడం, చెడ్డదని కాదు. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో మన హైదరాబాద్‌లోనే క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. అంటే దూరం సమస్య లేదు. కానీ అక్కడ బిల్లు కరెంటు మీటరులా తిరుగుతుంది, వాడినంత కట్టాలి. సర్వర్ అప్‌డేట్లు, భద్రత, బ్యాకప్ ఎవరో ఒకరు చూసుకోవాలి. రాత్రి రెండింటికి సైట్ పడిపోతే మీ మరిదికి అక్కడ పట్టపగలే, మెలకువగానే ఉంటాడు, కాకపోతే ఆఫీసులో ఉంటాడు. అంత పెద్ద బండి మీ సరుకుకు ఇప్పుడు అవసరం లేదు.

ఇక నమ్మకం సంగతి. ఒక కంపెనీ ఎట్లాంటిదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి ఒకటే. డబ్బు కట్టక ముందే ఆదివారం రాత్రి పది గంటలకు వాళ్ల చాట్‌లోకి వెళ్లండి. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు అడగండి. రెండో టర్మ్‌కు జీఎస్టీతో కలిపి ఎంత కట్టాలి? బ్యాకప్ ఎన్ని రోజులకోసారి తీస్తారు, తిరిగి పెట్టడానికి విడిగా డబ్బు అడుగుతారా? పీహెచ్‌పీ ఏ వెర్షన్ ఇస్తారు? రేపు నేను వెళ్లిపోవాలంటే ఫైళ్లు, డేటాబేస్ (సైట్‌లో రాసిన వివరాలు, ఆర్డర్లు దాచే చోటు) నేనే దించుకోవచ్చా? పీహెచ్‌పీ అంటే చాలా సైట్లు నడిచే ప్రోగ్రామింగ్ భాష, దాని వెర్షన్ సంగతి మీకు అర్థం కాకపోయినా పర్వాలేదు. 7.4 దాకానే ఉందంటే అక్కడితో చాట్ మూసేయండి, దానికి 2022 నవంబరులోనే మద్దతు ఆగిపోయింది. నాలుగో ప్రశ్నకు ఎట్లా జవాబిస్తారన్నదే నేను ముఖ్యంగా చూస్తాను. ‘సీప్యానెల్‌లోకి (హోస్టింగ్‌ను నడుపుకునే పేజీ) వెళ్లి ఫలానా చోట ఫుల్ బ్యాకప్ నొక్కండి’ అని సూటిగా చెప్తే చేరవచ్చు. ‘మేడమ్, మా దగ్గరి నుంచి ఎవరూ వెళ్లరు’ అని నవ్వు బొమ్మ పెడితే చేరకండి. ఆ చాట్‌ను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

బ్యాకప్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, భరించండి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద కంపెనీ డేటా సెంటర్ తగలబడింది. దాదాపు 36 లక్షల సైట్లు ఆగిపోయాయి. ఎవరికీ ప్రాణాపాయం లేదు. కానీ బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కొందరికి ఏమీ మిగలలేదు. అది చిల్లర కంపెనీ కాదు, ఐరోపాలో పేరున్నది. కాబట్టి ‘మేం రోజూ బ్యాకప్ తీస్తాం’ అన్న మాట వినండి, సంతోషించండి, మీది మీరు తీసుకోండి. నెలకోసారి, కొత్త డిజైన్లు పెట్టిన రోజు మరోసారి, ఫైళ్లు, డేటాబేస్ రెండూ దించి ఒకటి గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. పెన్‌డ్రైవ్ కింది గది బీరువాలో పెట్టకండి. 2023 జులై వానలకు మన దగ్గర కాలనీలు మునిగినప్పుడు ఎంతమంది ఇళ్లలో కంప్యూటర్లు నీళ్లలో తేలాయో మీకు తెలుసు.

తీసిన బ్యాకప్ పనిచేస్తుందో లేదో ఏడాదికోసారి వేరే చోట పెట్టి చూడమని అబ్బాయికి చెప్పండి. అది చూసేటప్పుడు తెలుగు అక్షరాలు సరిగ్గా వచ్చాయా అని ప్రత్యేకంగా చూడాలి. డేటాబేస్ సెట్టింగు తేడాగా ఉంటే ‘జంపఖానా’ అని రాసుకున్నదంతా ప్రశ్నార్థకాల వరుస అయిపోతుంది. ఇంగ్లిష్ సైట్లవాళ్లకు ఈ బాధ లేదు, అందుకే సపోర్ట్‌వాళ్లు కూడా వెంటనే పట్టుకోలేరు. డేటాబేస్‌ను యూటీఎఫ్ 8 ఎంబీ 4 (utf8mb4) అనే అక్షరాల సెట్టింగులో పెట్టమంటే అబ్బాయికి అర్థమవుతుంది.

హన్మకొండ ఆయన సంగతి చివరికి ఉంచాను, కారణముంది. మీరు ఆయనను వదులుకోవాలని నేను అనుకోవడం లేదు. సైట్ పాడైనప్పుడు ఫోన్ ఎత్తి, బండేసుకుని వచ్చి కూర్చునే మనిషి ఏ కంపెనీ చాట్ కంటే మేలు. చాట్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు దొరకడమూ కష్టమే. కానీ ‘అన్నీ మేమే’ అన్న మాటను విడదీయించండి. చాలామంది డిజైనర్లు ఒక పెద్ద ప్లాన్ తీసుకుని దాన్ని ముక్కలు చేసి ఇరవై ముప్పై మందికి ఇస్తారు. రీసెల్లర్ పద్ధతి అంటారు, అదేమీ దొంగ వ్యాపారం కాదు. ఇబ్బంది ఏమిటంటే, కంపెనీ దృష్టిలో కస్టమర్ ఆయన, మీరు కాదు. ఆయన ఒక నెల కట్టడం మరిస్తే మీరు కట్టినా సరే, మీ సైట్ కూడా ఆగుతుంది. కంపెనీకి ఫోన్ చేస్తే మీరెవరని అడుగుతారు.

ఆయనతో ఇట్లా చెప్పండి: ‘అన్నా, డొమైన్ నేను కొంటా, హోస్టింగ్ నా ఖాతాలో నేను కొంటా. నీకు లాగిన్ ఇస్తా. డిజైన్‌కు ఎంత, ఏడాది పొడుగునా చూసుకోవడానికి ఎంత, విడివిడిగా చెప్పు.’ ఆ 12 వేలు అప్పుడు ఎనిమిదికి దిగవచ్చు, దిగకపోవచ్చు. దిగకపోయినా పనికి ఇచ్చే డబ్బు పనికే పోతుంది. ఒప్పుకుంటే ఆ మాటలన్నీ వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా రాసి పంపించమనండి. ఒప్పుకోకపోతే, మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే. సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య నడిచే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే ఎస్ఎస్ఎల్‌కు విడిగా రెండు వేలు అని రాస్తే మాత్రం కొట్టేయించండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు దాన్ని ఉచితంగానే ఇస్తారు, మంచి హోస్టింగ్ కంపెనీలన్నీ ఒక్క బటన్‌తో పెట్టేస్తాయి. అది లేకుండా మాత్రం ఉండకూడదు. 2018 జులై నుంచి క్రోమ్ అట్లాంటి సైట్ల పక్కన ‘సురక్షితం కాదు’ అని చూపిస్తోంది. ఆ మాట చూశాక ఎవరు ఆర్డరు పెడతారు?

సైట్ నుంచి వెళ్లే ఆర్డర్ మెయిళ్లు కస్టమర్ల స్పామ్‌లో పడుతుంటే ఎస్పీఎఫ్, డీకిమ్ అనే రెండు రికార్డులు, అంటే ఆ మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసేవి, పెట్టారా అని ఆయనను అడగండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ వీటి విషయంలో గట్టిగా ఉంటోంది. కార్డు నంబర్లు మాత్రం మీ సైట్‌లో తీసుకోకండి. యూపీఐ గానీ, మీ తరఫున కార్డు చెల్లింపులు తీసుకునే పేమెంట్ గేట్‌వే గానీ పెడితే ఆ బరువు వాళ్లే మోస్తారు.

మీరు అడగలేదు గానీ ఇంకో మాట. మొదటి రోజే కార్ట్, లాగిన్, కూపన్లు అన్నీ ఉన్న దుకాణం కట్టాల్సిన పని లేదు. డిజైన్ల పేజీ, సైజులు, ధరలు, మగ్గం మీద పని చేస్తున్న ఫొటోలు నాలుగు, మీ వాట్సాప్ బటన్ ఉంటే చాలు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దాని గురించి ఒక పేరా రాయండి. మిషన్ మీద చేసిన సరుకుకూ మీ సరుకుకూ తేడా తెలియక అడిగేవాళ్లకు అదే జవాబు. ఇట్లాంటి సాదా పేజీలను క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ లాంటి చోట్ల ఉచితంగానే పెట్టవచ్చు, మీ అబ్బాయి సెలవుల్లో నేర్చుకోగలడు. ఉచితంలో ఒక భయం ఉంది, రేపు మూసేస్తే? గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో (మ్యాప్స్‌లో దుకాణాల వివరాలు చూపించేది) పాటు ఉచితంగా ఇచ్చిన చిన్న సైట్లను 2024 మార్చిలో ఆపేసింది. గూగుల్ ఇచ్చిన పేరునే బోర్డుల మీద రాయించుకున్నవాళ్లు కొత్త పేరు వెతుక్కున్నారు. సొంత డొమైన్ తగిలించుకున్నవాళ్లు దాన్ని ఇంకో చోటికి తిప్పుకుని పనిలో పడ్డారు.

ఈ వారం చేయాల్సింది డొమైన్ కొనడం ఒక్కటే. మిగతావి దసరా తర్వాత చూసుకున్నా కొంపలు మునగవు. కొనేటప్పుడు అబ్బాయి తొందరలో తన కాలేజీ మెయిల్‌తో ఖాతా తెరుస్తాడు, తెరవనివ్వకండి. చదువు అయిపోగానే చాలా కాలేజీలు ఆ మెయిల్ తీసేస్తాయి. మీ జీమెయిల్‌తో తెరిపించి, ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చేటట్టు పెట్టించి, పాస్‌వర్డ్ మగ్గాల లెక్కలు రాసుకునే మీ పుస్తకంలో చివరి పేజీన రాసి పెట్టుకోండి. సైట్ మొదలయ్యాక నాకూ ఒక కబురు పంపండి. మా ఇంట్లో జంపఖానా అంచులు ఊడిపోయి ఏడాదయింది, ఆరడుగులకు నాలుగడుగులది ఒకటి కావాలి.